గులాబీరంగు స్టాప్ సైన్

ఒక చలికాలమంతా మా ఫ్రిజ్ తలుపు మీద నా ఎడమ చెయ్యి ఐదుసార్లు వేలాడింది. అవే గాజులు, అదే గోరింటాకు, చిటికెన వేలి దగ్గర అదే నూనె చిందిన మచ్చ. రంగు మాత్రం ఒక్కో ఫోటోలో ఒక్కోలా ఉండేది. ఒకదాంట్లో ఇటుకబట్టీలో పనిచేసి వచ్చినదానిలా ఉన్నాను, ఇంకోదాంట్లో ఎండ మొహం ఎరగని జమీందారిణిలా ఉన్నాను. మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరవబోయిన చుట్టాలు ఆ చేతులు చూసి, "ఎవరెవరివండీ ఇవి?" అని అడిగేవారు. ఐదుగురు ఆడవాళ్ళనుకునేవారు పాపం. నేనూ సరిదిద్దేదాన్ని కాదు. "మా ఆయన మొదటి నలుగురు భార్యలూ, నేనూ" అనేదాన్ని.

మేం అప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల బంపర్లు చేసే ఒక కంపెనీలో రంగులు సరిపోల్చే ఇంజనీరు. కారు తలుపు రేకుది, బంపరు ప్లాస్టిక్‌ది. రెండూ వేరువేరు ఊళ్ళలో రంగు పూయించుకుని వచ్చి ఒకే కారుకి తగులుకుంటాయి. ఎండలోనూ, ట్యూబ్‌లైటు కిందా, మామూలు బల్బు కిందా ఆ రెండూ ఒకే రంగుగా కనబడాలి. అలా కనబడేట్టు చూడటం ఆయన ఉద్యోగం. ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో నేను కరివేపాకు కట్ట పట్టుకుని చలికి వణుకుతుంటే, ఆయన ఎవరిదో కారు వెనక వంగి "ప్చ్ ప్చ్" అంటూ ఉండేవారు. కారుగలాయన ఎవరో గుద్దేశారని హడలిపోయి పరిగెత్తుకొచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

నేను డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని. ఉద్యోగం చేస్తే తప్పు, చెయ్యకపోతే పిచ్చి. మిషిగన్ చలికాలంలో ఇంట్లో కూర్చుని నేను పెట్టే పోరు పడలేక ఆయన ఒక మంచి కెమెరా కొనిచ్చారు. నా నోరు దానివైపు తిరుగుతుందనుకున్నారు. అది తిరగలేదు సరికదా, పోట్లాడుకోవడానికి మా ఇద్దరికీ కొత్త విషయం దొరికింది.

ఆ కెమెరాలో రా ఫైలని ఒకటుంటుంది. అది రుబ్బిపెట్టుకున్న పిండి. దాన్ని ఇడ్లీ వేసుకుంటారో, దోసె పోసుకుంటారో మీ ఇష్టం. ఆ ఇష్టమేదో చెప్పడానికి కంప్యూటర్లో ఒక జాబితా ఇస్తారు, వాటిని ప్రొఫైళ్ళు అంటారు. స్టాండర్డ్, న్యూట్రల్, పోర్ట్రెయిట్, ల్యాండ్‌స్కేప్, వివిడ్. ఏది నొక్కితే ఫోటో ఆ రంగుల్లోకి మారి కూర్చుంటుంది. ఫోటో ఒకటే, అబద్ధాలు ఐదు. ఏ అబద్ధం తక్కువ అబద్ధమో తేల్చడానికి నేను వంటింటి గట్టు మీద గోంగూర పచ్చడి, పసుపు, కారం, నా వంగపండు రంగు చీరకొంగు వరసగా పేర్చి, చివర నా చెయ్యి పెట్టి ఒక ఫోటో తీశాను. ఐదు ప్రొఫైళ్ళలోనూ చేతివరకు ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి తగిలించాను. వివిడ్‌లో గోంగూర పచ్చడి కొత్తిమీర పచ్చడైపోయింది. ల్యాండ్‌స్కేప్‌లో పసుపు కాస్తా కుంకుమ వైపు మొగ్గింది. వంగపండు చీర ఏ ప్రొఫైల్లో చూసినా నీలంగానే ఉంది. మా అమ్మ చూస్తే ఇంకో చీర ఎప్పుడు కొన్నావని తగువేసుకునేది.

"కంపెనీ వాళ్ళిచ్చినవన్నీ అంతే. మనమే ఒకటి తయారుచేద్దాం," అన్నారు మా ఆయన. వాళ్ళ ల్యాబ్‌లో పక్కన పడేసిన ఒక అట్ట తెచ్చారు. దానిమీద ఇరవైనాలుగు గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో రంగు. ముందు ఆ అట్టని ఫోటో తియ్యాలి. అసలు ఆ గళ్ళు ఏ రంగులో కంప్యూటర్‌కి తెలుసు. మన కెమెరా ఏ గడి దగ్గర ఎంత బొంకిందో లెక్క కట్టి, ఆ బొంకులన్నీ దిద్దే కొత్త ప్రొఫైల్ ఒకటి చేసిపెడుతుంది. అది నొక్కగానే గోంగూర గోంగూర అయింది, వంగపండు వంగపండయింది. నా చెయ్యి కూడా నా చెయ్యయింది. ఉన్నదున్నట్టు మొహమ్మీద చెప్పేస్తుంది కాబట్టి నేను దానికి "అత్తగారు" అని పేరు పెట్టాను. కంప్యూటర్లో కూడా అదే పేరుతో సేవ్ చేశాను. మా ఆయన కొంచెం నొచ్చుకున్నారు గానీ, పేరు మార్చమని అడగలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఐదు చేతుల్లో నాకు నచ్చింది పోర్ట్రెయిట్‌లో ఉన్నదే. అందులో నేను చామనచాయ దాటి గోధుమరంగులోకి వెళ్ళాను. పొద్దున్నే పాలు తియ్యడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ చేతిని ఒకసారి చూసుకునేదాన్ని. మా ఆయన చూడనప్పుడే చూసుకునేదాన్ని.

కెమెరా ఉన్నదని తెలిశాక మా ఊళ్ళో తెలుగువాళ్ళు ఊరుకుంటారా? ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు, గృహప్రవేశాలు అన్నిటికీ నేనే. ప్రతిఫలంగా ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక డబ్బాలో పులిహోర. తీసినంతసేపూ ఎవరూ ఏమీ అనరు. ఫోటోలు పంపించాక మాత్రం అందరిదీ ఒకటే ఫోను. "చాలా బాగున్నాయండీ. కొంచెం బ్రైట్‌గా చేసి పంపుతారా?" బ్రైట్ అంటే ఏమిటో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. నల్లగా ఉన్నవాళ్ళని మనం రంగు తక్కువ అంటాం కదా, ఆ మాట వింటే మా ఆయనకి వృత్తిరీత్యా ఒళ్ళు మండేది. "తక్కువేమిటి? పిగ్మెంట్ ఎక్కువైతేనే కదా నలుపొచ్చేది! వాళ్ళకి రంగు ఎక్కువ!" అని ఫంక్షన్ హాల్లో అరటికాయ బజ్జీ చేత్తో పట్టుకుని వాదించేవారు. నేను మాత్రం వాదించేదాన్ని కాదు. ఇంటికొచ్చి పోర్ట్రెయిట్ నొక్కి, మన ఒంటిరంగులో ఉండే కాషాయం, ఎరుపు రంగుల వెలుతురు ఇంకాస్త పైకి లాగి, పంపించేసేదాన్ని. పులిహోర తిన్న నోటితో కాదనడం కష్టం.

ఒక శనివారం డాక్టరుగారు వచ్చారు. ఆవిడ తెలంగాణ నుంచి ఎప్పుడో డెబ్భైలలో వచ్చి ఇక్కడ పిల్లల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. మా ఊళ్ళో కాలేజీకెళ్ళే తెలుగు పిల్లల్లో సగంమంది ఆవిడ చేత సూది పొడిపించుకున్నవాళ్ళే. అందుకే ఆవిడ మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. వెంట వాళ్ళ చెల్లెలి కూతురు వచ్చింది. డెట్రాయిట్ దగ్గర యూనివర్సిటీలో మాస్టర్స్ ఆఖరి సెమిస్టర్ చదువుతూ పెద్దమ్మ ఇంట్లోనే ఉంటోంది. పొడుగ్గా, నిండు నలుపులో, నవ్వితే పక్కవాళ్ళకి కూడా నవ్వొచ్చేలా ఉంది.

"బాతెల్‌ల ఒక పిల్లగాడున్నడమ్మా, సియాటిల్ దగ్గర. మంచి జాబ్. ఫోటో అడిగిండ్రు," అన్నారు డాక్టరుగారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "ఇంతకుముందు మూడు సంబంధాలు వచ్చినయ్. ఫోటో పోంగనే ఫోన్లు బంద్. చదువు చూస్తలేరు, గుణం చూస్తలేరు. దీని అమ్మకు నేను మాటిచ్చిన. జర మంచిగ తియ్యి. మంచిగ అంటే ఏందో నీకు నేను చెప్పాల్నా?"

గొంతు తగ్గించినా ఆ అమ్మాయికి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. గోడమీద గడియారం వైపు చూస్తూ నిలబడింది.

పెరట్లో మేపుల్ చెట్టు కింద నిలబెట్టి, అలవాటు ప్రకారం ముందు ఇరవైనాలుగు గళ్ళ అట్టని గడ్డం కింద పట్టుకోమన్నాను.

"ఇది జైల్ల తీసే ఫోటో లెక్కుంది ఆంటీ. ఏం కేసు నా మీద?"

"రంగు తక్కువ కేసు. ఇంకోసారి ఆంటీ అన్నావంటే వివిడ్‌లో ముంచి తీస్తాను."

పకపకా నవ్వింది. అట్ట తీసేశాక కూడా ఆ నవ్వు మొహం మీద ఇంకా కొంచెం మిగిలి ఉంది. అప్పుడు నొక్కాను. ఆ ఏడాది నేను తీసిన వందల ఫోటోల్లో బాగా వచ్చింది అదొక్కటే.

మేం లోపలికి వచ్చేసరికి డాక్టరుగారు భోజనాల బల్ల మీద మా ఆయన ఆఫీసు నుంచి తెచ్చుకున్న రంగు నమూనాల కట్ట విప్పి కూర్చున్నారు. కార్లకి వేసే రంగులన్నీ చిన్న చిన్న రేకుల మీద పూసి, తాళాల గుత్తిలా గుచ్చి ఉంటాయి. ఆవిడ అందులోంచి ఒకటి ఎంచి నాకు చూపించారు.

"ఇగో, ఇది. ముఖం ఈ కలర్‌కు తెచ్చియ్యి."

మా ఆయన వంగి చూశారు. "అది పికప్ ట్రక్కుదండీ. షాంపేన్ మెటాలిక్."

"మెటాలిక్ వద్దు. మెరుపు తీసెయ్యి," అన్నారు డాక్టరుగారు, మందు మార్చి రాసినట్టు.

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. తిరిగి వచ్చేసరికి మా ఆయన మరీ ఉత్సాహంగా ఉన్నారు. ఆ అమ్మాయి ముంజేతి మీద ఒక్కో రేకూ ఆనించి, కిటికీ దగ్గర ఒకసారి, దీపం కింద ఒకసారి చూస్తున్నారు. చివరికి "దొరికింది!" అని కేక పెట్టారు. "చూడమ్మా, అన్ని లైట్లలోనూ మ్యాచ్ అయింది. ఈ రంగు చీప్ బళ్ళకి వెయ్యరు. మూడు పూతలు వేస్తేగానీ రాదిది." ఆ అమ్మాయి ఆ రేకుని చేతి మీద పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. డాక్టరుగారు మాత్రం తన షాంపేన్ రేకు పక్కకి పెట్టలేదు.

సోమవారం మధ్యాహ్నం నేను కంప్యూటర్ ముందు కూర్చుని డాక్టరుగారు చెప్పిన పని చేశాను. పోర్ట్రెయిట్ నొక్కాను. కాషాయం వెలుతురు పైకి, ఇంకా పైకి. చెయ్యి తిరిగిన పని కదా, ఐదు నిమిషాలు పట్టలేదు. అప్పుడే ఆ అమ్మాయి క్లాసు నుంచి ఇంటికి వెళ్తూ ఫోటో కోసం ఆగింది. స్క్రీన్ వైపు చూసి, బ్యాగు భుజం మీద ఉండగానే అడిగింది.

"ఎవరక్కా ఈమె?"

"నువ్వే."

"నేను గాదు." కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపంగా లేదు, లెక్క చెబుతున్నట్టు మాట్లాడింది. "ఈమెకు సంబంధం కుదుర్తది అనుకో. ఆయన ఫ్లైట్ దిగుతడు. ఎయిర్‌పోర్ట్‌ల ఈమె కోసం చూస్తుంటడు. నేను ఎదురుంగనే నిల్సోని ఉంట. ఆయన నన్ను దాటి చూస్తడు. అప్పుడు నేనేం చెయ్యాలె? చెయ్యి ఊపాల్నా?"

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. ఎందుకంటే ఆ చూపు నాకు తెలుసు.

నా పెళ్ళి సంబంధానికి కూడా ఒక ఫోటో వెళ్ళింది. మా ఊరి స్టూడియో ఆయన సన్న కుంచెతో నా మొహానికి రంగు దిద్ది, అమెరికాలో ఉన్న పెళ్ళికొడుక్కి పంపించాడు. పెళ్ళిచూపుల నాడు నేను గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఆయన నన్ను చూశారు. నా పక్కనున్న మా పిన్ని కూతుర్ని చూశారు. గుమ్మం వైపు చూశారు. మళ్ళీ నా దగ్గరికి వచ్చారు. తల వంచుకునే ఉన్నా, ఓరకంట ఆ చూపు దారి అంతా కనబడింది. ఫోటోలో అమ్మాయి ఇంకా రాలేదనుకున్నారు. అంతా కలిపి అర సెకను ఉంటుందేమో. పన్నెండేళ్ళు కాపురం చేసినా ఆ అర సెకను నా గుండెల్లోంచి పోలేదు, ఆయనకి ఎప్పుడూ చెప్పనూ లేదు. ఆయన మంచి మనిషి. అందుకే మరీ మండేది.

అదంతా ఆ అమ్మాయికి చెప్పాను. నా తల్లికి చెప్పనిది, నిన్నగాక మొన్న పరిచయమైన పిల్లకి చెప్పాను. తను నా చేతిమీద చెయ్యి వేసింది. ఇన్నాళ్ళూ ఎంతమంది ఆడపిల్లల్ని పులిహోర డబ్బా పుచ్చుకుని గుమ్మం వైపు చూపుల పాలు చేశానో తలుచుకుంటే సిగ్గేసింది. ఆ తెల్ల ఫోటోని చెరిపేసి, "అత్తగారు" ప్రొఫైల్ నొక్కి, ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా తనకి చెప్పాను.

సరిగ్గా అప్పుడే డాక్టరుగారి దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. పెళ్ళికొడుకు ఫోటో. 'చూసినవా, ఎంత మంచిగున్నడో. దీని ఫోటో కూడ అంత మంచిగ రావాలె' అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు.

అబ్బాయి బాతెల్‌లో ఏదో వీధి మలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పచ్చటి పైన్ చెట్లు, దూరంగా ఆగిన స్కూలు బస్సు, భుజం పక్కన స్టాప్ సైన్. మొహం పాలమీగడలా ఉంది. ఆ అమ్మాయి మెల్లగా, "బాగానే ఉన్నడు," అంది. ఆ మాటలో ఆశ ఉంది, భయం కూడా ఉంది.

మా ఆయన ఆరోజు ఇంటినుంచి పనిచేస్తున్నారు. టీ కోసం వచ్చి మా వెనక నిలబడ్డారు. నిలబడి, "ప్చ్ ప్చ్" అన్నారు. పార్కింగ్ లాట్‌లో అనే ఆ చప్పుడే.

"ఏమైంది?"

"ఆ స్టాప్ సైన్ చూడు."

చూశాను. గులాబీ రంగులో ఉంది. బారసాల ఇంట్లో ఆడపిల్ల పుట్టిందని కట్టే బెలూన్ల రంగు.

"ఈ దేశంలో స్టాప్ సైన్‌కి ఒక్కటే ఎరుపు. ఊరూరికీ మారదు. స్కూల్ బస్సుకీ ఒక్కటే పసుపు. మరి ఆ బస్సు చూడు, వెన్నపూసలా ఉంది," అంటూ నన్ను కుర్చీలోంచి లేపేసి ఆయన కూర్చున్నారు. "కాషాయం, ఎరుపు పైకి లాగారు. మొహం తెల్లబడుతుంది, నిజమే. కానీ ఆ రంగులున్నవన్నీ దాంతోపాటు తెల్లబడిపోతాయి. ఎవరో నేర్చుకుంటున్నవాడు చేశాడు."

"చాలా సులువుగా చెప్పేస్తున్నారే," అన్నాను, కాసేపటి కిందట నేను చేసిన పని అదే కాబట్టి.

ఆయన స్టాప్ సైన్ మీద కన్నేసి ఆ రెండు రంగుల్నీ కిందికి దించుకుంటూ వచ్చారు. స్టాప్ సైన్ ఎర్రబడేకొద్దీ పెళ్ళికొడుకు నల్లబడ్డాడు. బస్సు పసుపు పసుపులా అయ్యేసరికి, మా ముందు చక్కటి కళ్ళతో నల్లటి అబ్బాయి ఒకడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయి పక్కన నిలబెడితే అన్నాచెల్లెళ్ళంటారు.

ముందు ఆ అమ్మాయే నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "నా ఫోటో పంపుదాం అక్కా. అత్తగారిది. ఆయనకు గూడ ధైర్యం వస్తదేమో," అంది. డాక్టరుగారి మెయిల్ అడుగున పెళ్ళికొడుకు అడ్రసు ఉంది. ఉన్నదున్నట్టు వచ్చిన ఫోటోని దానికి వెళ్ళేట్టు ఈమెయిల్‌కి తగిలించి, నువ్వే నొక్కు అన్నాను. నొక్కింది.

తను వెళ్ళాక మా ఆయన ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారు. నాకు ఆగలేదు.

"మీరూ వెతికారు కదా?" అన్నాను.

"ఏం వెతికాను?"

"పెళ్ళిచూపుల్లో. ఫోటోలో అమ్మాయిని."

ఆయన బుకాయిస్తారనుకున్నాను. బుకాయించలేదు. "వెతికాను," అన్నారు. కాసేపటికి, "నా ఫోటో కూడా మా అన్నయ్య స్టూడియోకి తీసుకెళ్ళి తెల్లగా కొట్టించాడు. నువ్వు మాత్రం నన్ను వెతకలేదా?" అని అడిగారు.

"తల ఎత్తనిస్తే కదా వెతకడానికి! మా నాయనమ్మ పక్కనే కూర్చుని గిల్లుతోంది!"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. పన్నెండేళ్ళ కోపం మొత్తం పోయిందని చెప్పను. సగం పోయింది. మిగతా సగం మంచి అవసరానికి దాచుకున్నాను.

ఏ ఫోటో వెళ్ళిందో తెలిశాక డాక్టరుగారు నామీద అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "నీకేం పోయిందమ్మా? దాని బతుకుతోని ఆటలాడినవ్," అని ఫోను పెట్టేశారు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఆవిడ చెప్పిన మూడు సంబంధాలూ గుర్తొచ్చాయి. నాలుగోది కూడా పోతే ఆ పాపం నాదే. ఆ వారమంతా ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను.

పదిరోజులకి బాతెల్ నుంచి కబురొచ్చింది. అబ్బాయి ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడతానన్నాడట. డాక్టరుగారు కోపం సంగతి మరిచిపోయి నాకే ఫోన్ చేశారు. "లైటింగ్ నువ్వే పెట్టాలె. ఏమన్నా తిక్క పని చేసినవంటే చూడు!"

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టాం. కిటికీ వెలుతురు మొహం మీద సమంగా పడేట్టు కుర్చీ జరిపాను, అంతకుమించి ఏమీ చెయ్యలేదు. డాక్టరుగారూ నేనూ స్క్రీన్‌కి కనబడకుండా వంటింటి గట్టు దగ్గర నిలబడ్డాం. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. వేలమందికి సూదులు పొడిచిన చెయ్యి, మంచి పట్టే ఉంది.

అబ్బాయి మొహానికి ఎదురుగా పెద్ద దీపం పెట్టుకున్నాడు. గొంతు బాగుంది, మర్యాదగా మాట్లాడాడు. చదువు, ఉద్యోగం, వీసా ఏ స్టేజ్‌లో ఉంది, వర్షం, అన్నీ అయ్యాయి. ఆ అమ్మాయి భుజాలు నెమ్మదిగా వదులయ్యాయి. ఒకసారి నవ్వింది కూడా. డాక్టరుగారు నా చెయ్యి ఇంకా గట్టిగా నొక్కారు, ఈసారి సంతోషంతో. నాకూ ఆశ పుట్టింది.

అప్పుడతను అన్నాడు. "ఫోటో చూశానండి. మా మమ్మీవాళ్ళు కొంచెం ఆలోచించారు. కానీ నేను క్లియర్‌గా చెప్పేశాను. కలర్ విషయం నాకు ఫర్వాలేదని. ఐ యామ్ బ్రాడ్ మైండెడ్."

ఏదో పెద్ద కానుక ఇచ్చినవాడిలా నవ్వుతూ, థాంక్స్ కోసం ఎదురుచూస్తున్నాడు. డాక్టరుగారు నా చెయ్యి వదిలేశారు.

ఆ అమ్మాయి కుర్చీ ముందుకి జరుపుకుంది. తర్వాత చాలా మామూలుగా అడిగింది.

"మీ బాతెల్‌ల స్టాప్ సైన్లు గులాబీ రంగుల ఉంటాయాండి?"

"లేదే. రెడ్ కలరే. ఎందుకు?" అన్నాడు. అని, ఆగిపోయాడు. తన ఫోటో ఎక్కడ దిగాడో గుర్తొచ్చింది. దీపం వెలుతురులో కూడా మొహం మారడం కనబడింది. "అది... మా కజిన్ ఎడిట్ చేశాడు," అన్నాడు చివరికి.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"మీ కలర్ నాకు మంచిగనే అనిపించిందండి. అసలుది చూసినంక కూడ. అప్పుడు నాకు 'ఫర్వాలేదు' అన్న మాట నోట్లకే రాలే." ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది. "మీకు వచ్చింది. నేను రోజు పొద్దున లేచి ఆ మాట వినలేను. సారీ అండి." ల్యాప్‌టాప్ మూసేసింది.

మూసేసి, లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది. కుళాయి తిప్పిన చప్పుడు, దాని వెనక ఏడుపు వినబడ్డాయి. మొండితనానికి మెచ్చుకోవాలో, నేనే ఈ పిల్లని ఇందులోకి తోశానని ఏడవాలో తెలియలేదు. డాక్టరుగారు నన్ను తిడతారని, తిట్టాలనీ ఎదురుచూశాను. ఆవిడ నన్ను దాటి వెళ్ళారు. బాత్‌రూమ్ తలుపుకి ఆనుకుని నేలమీద కూర్చున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. "బిడ్డా, బయటికి రా," అని కూడా అనలేదు. కుళాయి ఆగేదాకా అలాగే ఉన్నారు. నేను చెప్పకుండా వచ్చేశాను.

నెలదాకా మాటల్లేవు. తర్వాత ఒకరోజు, ఆ ఫోటో పెద్ద సైజులో ప్రింట్ చేసి తెమ్మని ఆవిడే కబురు పెట్టారు. ఏ ప్రొఫైల్లో అని అడగడానికి నాకు ధైర్యం లేక, అత్తగారిలోనే చేసి పట్టుకెళ్ళాను. తలుపు ఆ అమ్మాయే తీసింది, నోటి మీద వేలు పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ. లోపల డాక్టరుగారు ఫోన్లో ఉన్నారు. అవతల కొత్త సంబంధం, జెర్సీ సిటీ అబ్బాయి తల్లట. నన్ను చూసి, చెయ్యి చాచి ఫోటో అందుకున్నారు. కళ్ళజోడు సవరించుకుని, దాన్ని కిటికీ వెలుతురులోకి తిప్పి చూస్తూనే మాట్లాడారు.

"ఆ, ఫోటో ఇయ్యాలే పంపుతున్న. పిల్ల నల్లగుంటదమ్మా. మీకు ఫర్వాలేదా అని అడుగుతలేను. చెప్తున్న."